యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన: లెక్కలో ఉన్నదీ, లెక్కకు రానిదీ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ముప్పై ఏళ్లకు పైగా బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పావు కదా, క్యాన్సర్ పరిశోధన గురించి అందరికీ అర్థమయ్యేలా ఒక అరగంట మాట్లాడు" అని సంఘం మిత్రులు అడిగారు. క్యాన్సర్ అంటే చాలా పెద్ద విషయం. అందుకని ఒకే ఒక మనిషిని, ఒకే ఒక మందును తీసుకున్నాను. ఆ మనిషి మన తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ మందు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే పెమెట్రెక్సెడ్. సుబ్బారావు గారు ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద పని చేయలేదు. ఈ మందు పుట్టేనాటికి ఆయన లేరు కూడా. అయినా ఆయన పని లేకుండా ఈ మందు లేదు. ఒక శాస్త్రవేత్త చేసిన పని ఎంత దూరం వెళ్లిందో ఎలా కొలవాలి అన్నదే నా ప్రసంగం.

ముందుగా సైటేషన్ అనే మాట. ఒక పరిశోధకుడు వ్యాసం రాస్తే, తన పనికి ఆధారమైన పాత వ్యాసాలను చివర పేర్కొంటాడు. అలా ఒక్కసారి పేర్కొంటే, ఆ పాత వ్యాసానికి ఒక సైటేషన్ వచ్చినట్టు. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్ 1960లలో వీటన్నిటినీ ఒక సూచికగా అచ్చు వేయడం మొదలుపెట్టారు. గ్రంథాలయంలో వ్యాసాలు వెతుక్కోవడానికి పుట్టిన సాధనం అది. తరవాత అదే మనుషులను తూచే తక్కెడ అయింది. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ అనే లెక్క చెప్పారు. మీ వ్యాసాల్లో 20 వ్యాసాలకు ఒక్కొక్కదానికి కనీసం 20 సైటేషన్లు ఉంటే మీ హెచ్-ఇండెక్స్ 20. ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగానికి, ప్రమోషన్‌కు, గ్రాంటుకు దరఖాస్తు పెట్టేవాళ్లు ఈ అంకె కూడా రాసుకుంటున్నారు. ఈ సభలో కూర్చున్న మన బడి పిల్లల్లో కొందరు రేపు ఆ అంకె కోసం నిద్ర మానుకునేవాళ్లే. అందుకే ఈ మాట వాళ్లకు ముందే చెప్పాలి.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే జబ్బు అది. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. తెల్లదొర ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, మామగారు సర్దిన డబ్బుతో ఓడెక్కి, 1923 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు. మన విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ మొదలైంది కూడా ఆ సంవత్సరమే. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పని. ఆయన మళ్లీ ఇండియాకు రాలేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర చేరి 1925లో ఆయనతో కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కనుక్కునే పద్ధతి అది. నమూనాకు ఆమ్లమూ, అమోనియం మాలిబ్డేటూ కలిపి, ఇంకో రసాయనం వేస్తే నీలం రంగు వస్తుంది. భాస్వరం ఎక్కువ ఉంటే నీలం ముదురుగా, తక్కువ ఉంటే లేతగా. ఆ ముదురు ఎంతో కొలిస్తే భాస్వరం ఎంతో తెలిసిపోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. చదివేటప్పుడు నేనూ ఈ ప్రయోగం చేశాను, తరవాత ఎన్నో బ్యాచ్‌ల పిల్లల చేత చేయించాను. ప్రాక్టికల్ రికార్డులో "ఫిస్కే-సుబ్బారో పద్ధతి" అని శీర్షిక రాయిస్తుంటే, సుబ్బారో అంటే మన సుబ్బారావేనని చెప్పేదాకా పిల్లలకు తెలిసేది కాదు.

సైటేషన్ల లెక్కలో సుబ్బారావు గారి గొప్పతనం ఈ వ్యాసమే. పదివేలకు పైగా సార్లు దాన్ని పేర్కొన్నారు. ప్రపంచంలో అత్యధికంగా పేర్కొన్న పరిశోధన వ్యాసాల జాబితాల్లో అది చోటు చేసుకుంది. కారణం సులువు. అది పద్ధతి. పద్ధతిని వాడిన ప్రతివాడూ దాని పేరు రాయాలి. ప్రోటీన్ కొలవడానికి 1951లో లౌరీ అనే ఆయన రాసిన వ్యాసానికి మూడు లక్షలకు పైగా సైటేషన్లు ఉన్నాయి. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ దానికే. అదీ కొలిచే పద్ధతే.

ఇప్పుడు దాని పక్కన ఇంకో పని పెట్టి చూడండి. ఆ నీలం రంగు పద్ధతిని పట్టుకునే ఫిస్కే, సుబ్బారావు కండరంలో దాగిన భాస్వరం సమ్మేళనాలను వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. ప్రపంచానికి చూపించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏ.టి.పి.ని కనుక్కున్నారు. మనం అడుగు వేసినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యే శక్తికి చిల్లర నాణెం ఏ.టి.పి. హైస్కూలు జీవశాస్త్రం పుస్తకంలోనే ఆ పేరు ఉంటుంది. కొలిచే పద్ధతి కంటే ఇది ఎన్నో రెట్లు పెద్ద విషయం. కానీ ఈ రోజు ఏ.టి.పి. అని రాసే పరిశోధకుడు 1929 వ్యాసాన్ని పేర్కొనడు. అవసరం లేదు. అది అందరి సొత్తు అయిపోయింది. రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని గుర్తించి చెప్పారు: ఒక ఆలోచన అందరి జ్ఞానంలో కలిసిపోయినప్పుడు, దాన్ని ఇచ్చినవాడి పేరు రాలిపోతుంది. చిన్నదానికి సైటేషన్లు పెరుగుతాయి, పెద్దదానికి ఒక దశ దాటాక తగ్గుతాయి. ఈ తక్కెడలో ఉన్న లోపం ఇదే.

హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లే మందుల కంపెనీకి వెళ్లారు. కొద్ది కాలానికే అక్కడి పరిశోధన అంతటికీ డైరెక్టర్ అయ్యారు. అక్కడి నుంచి ఆయన పేరు వ్యాసాల మీద తగ్గింది, పని పెరిగింది. బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు, రక్తం తగ్గిన గర్భిణులకు ఈస్ట్ సారం పెట్టి బాగుచేసి, అందులో ఏదో తెలియని పోషకం ఉందని 1931లో రాశారు. పాలకూర ఆకుల నుంచి తీసిన దానికి 1941లో ఫోలిక్ ఆమ్లం అని పేరు వచ్చింది. అది అసలు ఏమిటో, దాని నిర్మాణం ఏమిటో తేల్చి, 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది సుబ్బారావు గారి జట్టు. అన్నదమ్ములను తీసుకెళ్లిన స్ప్రూ జబ్బుకు వాడే మందుల్లో అదొకటి.

ఆ జట్టే 1947లో బోదకాలు వ్యాధికి హెట్రాజాన్ అనే మందు తెచ్చింది. మన ఉత్తరాంధ్రలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి ఎదురుగా మింగించిన డి.ఇ.సి. మాత్ర అదే. ఆయన ఆధ్వర్యంలోనే బెంజమిన్ డగ్గర్ కనుక్కున్న ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది మొదటి మందు. ఆ వ్యాసం మీద డగ్గర్ పేరే ఉంది.

ఇక క్యాన్సర్ సంగతి. కణం రెండుగా చీలాలంటే కొత్త డి.ఎన్.ఎ. తయారు కావాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. క్యాన్సర్ కణం ఆగకుండా చీలుతుంది కాబట్టి దానికి ఆ అవసరం ఇంకా ఎక్కువ. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ ఆమ్లం తరహా పదార్థాలు ఇచ్చినప్పుడు జబ్బు ముదురుతున్నట్టు గమనించారు. అలాగైతే దానికి అడ్డుపడేది ఇస్తే? సుబ్బారావు గారి జట్టు అచ్చం ఫోలిక్ ఆమ్లంలా కనిపించే అమినోప్టెరిన్ తయారు చేసి పంపింది. తాళంలో దూరుతుంది గానీ తిరగని తాళంచెవి లాంటిది అది. పైగా అసలు చెవికి చోటు లేకుండా అక్కడే ఇరుక్కుంటుంది. 1948 జూన్‌లో ఫార్బర్ వ్యాసం అచ్చయింది: 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. ఆ గుణం కొన్ని నెలలే నిలిచింది. కానీ పిల్లల్లో వచ్చే తీవ్ర రక్త క్యాన్సర్‌ను రసాయన మందుతో వెనక్కి నెట్టవచ్చని మొదటిసారి రుజువైంది. ఆ వ్యాసం రచయితల్లో సుబ్బారావు గారి పేరు లేదు. ఆ ఆగస్టులోనే, 53వ ఏట, ఆయన నిద్రలోనే కన్నుమూశారు.

అమినోప్టెరిన్ తమ్ముడే మెథోట్రెక్సేట్. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ గర్భసంచికి సంబంధించిన ఒక క్యాన్సర్‌ను దానితో పూర్తిగా నయం చేశారు. ఇప్పుడు కీళ్లవాతానికి కూడా డాక్టర్లు వారానికి ఒకసారి రాసిచ్చేది అదే.

కథ అక్కడితో ఆగలేదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ టేలర్ అనే పరిశోధక విద్యార్థి, లెడర్లే జట్టు 1946లో ప్రకటించిన ఫోలిక్ ఆమ్లం నిర్మాణం చూసి ఆశ్చర్యపోయాడు. సీతాకోకచిలుకల రెక్కలకు రంగునిచ్చే పదార్థంలోని ఉంగరమే ఇందులోనూ ఉంది. ఆ ఉంగరం చుట్టూనే ఆయన జీవితం నడిచింది. ప్రిన్స్‌టన్ ఆచార్యుడయ్యాక ఇలై లిల్లీ కంపెనీతో కలిసి పెమెట్రెక్సెడ్‌ను తయారు చేశారు. మెథోట్రెక్సేట్ ప్రధానంగా ఒక తాళాన్ని పట్టుకుంటే, ఇది ఒకేసారి మూడు తాళాలను పట్టుకుంటుంది. 2004లో ఊపిరితిత్తి పొరకు వచ్చే క్యాన్సర్‌కు, అదే ఏడాది ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు రెండో దశ చికిత్సగా, 2008లో స్క్వామస్ కాని రకాలకు మొదటి చికిత్సగా అమెరికాలో అనుమతి వచ్చింది.

అంతకుముందు ఒక గండం దాటాల్సి వచ్చింది. తొలి ప్రయోగాల్లో కొందరు రోగులు మందు ధాటికి తట్టుకోలేక చనిపోయారు. లిల్లీలో పని చేసే క్లెట్ నియికిజా అనే గణిత శాస్త్రజ్ఞుడు రోగుల రక్త పరీక్షల అంకెలన్నీ ముందేసుకుని, ఒంట్లో ఫోలిక్ ఆమ్లం, బి12 తక్కువ ఉన్నవాళ్లకే ప్రమాదం ఎక్కువని తేల్చారు. 1999 చివరి నుంచి రోగులందరికీ మందుకు ముందే ఫోలిక్ ఆమ్లం మాత్రలు, బి12 ఇంజెక్షన్ ఇవ్వడం మొదలైంది. ప్రమాదం బాగా తగ్గింది. ఈ రోజుకూ ప్రపంచమంతా అదే పద్ధతి.

ఈ విషయం నాకు పుస్తకంలో తెలిసింది వేరు, మా ఇంట్లో తెలిసింది వేరు. మా పెద్దక్క ఏనాడూ చుట్ట ముట్టలేదు. కట్టెల పొయ్యి దగ్గర, బెల్లం వండే పొయ్యి దగ్గర ఆమె జీవితం గడిచింది. దగ్గు పట్టుకుంటే, కళ్లెలో క్రిములు కనబడకపోయినా నాలుగు నెలలు టీబీ మందులే వాడించారు. చివరికి ముక్క తీసి పరీక్షిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్. జన్యు మార్పులకు ఇచ్చే మాత్రలు ఆమెకు పనికిరావని తేలాక, పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ మొదలుపెట్టారు. దానికి వారం ముందు నుంచి రోజుకో ఫోలిక్ ఆమ్లం మాత్ర. మందు సంగతి నేను వివరించి చెప్పాక అక్క అడిగింది: "ఒరే, పొద్దున్నేమో బలానికి మాత్ర మింగమంతారు, ఆసుపత్రిలోనేమో ఆ బలాన్నే తీసీసే మందు ఎక్కిత్తారు. ఇదేటి యవ్వారంరా?" ఎం.ఎస్సీ. పిల్లలు కూడా ఇంత సూటిగా అడగలేదు. మంచి కణాలు బతకడానికి కొంచెం ఉంచి, చెడ్డ కణాలు చావడానికి ఎక్కువ తీస్తారని చెప్పాను. "అయితే రెండూ ఆ బాబు చేసినవేనా?" అంది. మాత్ర ఆయన జట్టు తయారు చేసిందనీ, మందు ఆయన వేసిన బాటలో వచ్చిందనీ చెప్పాను. అక్క రెండేళ్ల నాలుగు నెలలు బతికింది. అందులో ఏడాదిన్నర తన పని తాను చేసుకుంది, మనవరాలి పెళ్లిలో పసుపు దంచింది. నయం కాలేదు. కానీ ఆ ఏడాదిన్నర ఏ సైటేషన్ జాబితాలోనూ ఉండదు.

ఆ బాట మన దేశంలోనూ కొనసాగింది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో వనితా నొరోన్హా, కుమార్ ప్రభాష్ బృందం 350 మంది రోగుల మీద ఒక పరిశోధన చేసింది. ఇ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యు మార్పు ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో కొందరికి జెఫిటినిబ్ మాత్ర ఒక్కటే ఇచ్చారు. మిగతావారికి దానితో పాటు పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ కలిపి ఇచ్చారు. జబ్బు మళ్లీ ముదరకుండా ఉన్న కాలం సుమారు 8 నెలల నుంచి 16 నెలలకు పెరిగింది. దుష్ఫలితాలూ పెరిగాయని వాళ్లే రాశారు. 2020లో అచ్చయిన ఆ వ్యాసాన్ని ఇప్పుడు ప్రపంచం పేర్కొంటోంది.

మన ప్రాంతం కూడా క్యాన్సర్ గ్రంథాల్లో ఎప్పుడో చేరింది. 1971లో ఒక బ్రిటిష్ పత్రికలో వచ్చిన వ్యాసం, శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి, అడ్డపొగ తాగేవారి అంగిట్లో వచ్చే మార్పులను వివరించింది. నిప్పు నోట్లోపల పెట్టుకుని చుట్ట కాల్చే మన నాయనమ్మలు, అమ్మమ్మలు వాళ్లు. ఎన్నోసార్లు పేర్కొన్న వ్యాసం అది. నోరు తెరిచి చూపించిన ఆ పదివేల మంది పేర్లు మాత్రం ఎక్కడా లేవు. శాస్త్రం వాళ్లకూ బాకీ ఉంది. ఆ బాకీ కొంతైనా తీరాలంటే మనం చేయగలిగింది ఉంది. చుట్ట, బీడీ, సిగరెట్టు మానిపించడం. మూడు వారాలు దాటిన దగ్గును, కళ్లెలో రక్తాన్ని తేలిగ్గా తీసుకోకపోవడం. కళ్లె పరీక్షలో క్రిములు లేకపోయినా, టీబీ మందులకు గుణం కనిపించకపోయినా ఇంకో పరీక్ష కోసం పట్టుబట్టడం. "నేను పొగ తాగను కదా" అని ఊరుకోకపోవడం.

పిల్లలారా, మీలో పరిశోధనకు వెళ్లేవాళ్లు సైటేషన్లను వద్దనకండి. నీ పని నలుగురికి పనికొచ్చిందని చెప్పే సాక్ష్యం అది, దానికి విలువ ఉంది. కానీ అదొక్కటే సాక్ష్యం కాదు. సుబ్బారావు గారిని ఆ అంకెతో మాత్రమే తూస్తే, భాస్వరం కొలిచిన మనిషిగా మిగులుతారు. ఫోలిక్ ఆమ్లం, డి.ఇ.సి., మెథోట్రెక్సేట్, వాటి వెంట వచ్చిన పెమెట్రెక్సెడ్ ఆ అంకెలో సరిగా కనబడవు. ఏది ఎక్కువ పేర్కొంటారో అని కాకుండా, ఏది లేకపోతే తరవాతి పని ఆగిపోతుందో అని చూసుకుని పని ఎంచుకోండి.

మా గురువులకు ఈ మాట నేను చెప్పనక్కరలేదు. మీ దగ్గర నేర్చుకున్న త్రైరాశికంతోనే నేను జీవితాంతం ద్రావణాలు కలిపాను. ఏ వ్యాసం చివరా మీ పేరు రాయలేదు. రాసే పద్ధతీ లేదు.

చివరగా సంఘానికి ఒక చిన్న విన్నపం. ప్రభుత్వ పాఠశాలల్లో ఆరో తరగతి నుంచి పిల్లలకు వారానికి ఒక నీలి మాత్ర ఇస్తారు. అందులో ఉన్నది ఐరన్, ఫోలిక్ ఆమ్లం. చాలామంది పిల్లలు చేదని, వికారమని బెంచీ కింద పారేస్తారు. ఆ మాత్ర ఇచ్చే రోజున, ఏడాదికి ఒక్కసారైనా, ఒక టీచరు గాని, మనలో ఒకరు గాని అయిదు నిమిషాలు నిలబడి అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. భీమవరంలో పుట్టి, మూడోసారికి మెట్రిక్ గట్టెక్కి, అన్నదమ్ములను పోగొట్టుకున్న ఒక తెలుగువాడి జట్టు దీన్ని తయారు చేసిందని చెప్పాలి. కథ విన్న పిల్లల్లో నలుగురు అదనంగా మాత్ర మింగినా చాలు. ఆ అయిదు నిమిషాలకు ఖర్చు లేదు, అనుమతీ అక్కర్లేదు. వచ్చే సోమవారం మొదలుపెడతామంటే మొదటి రోజుకు నేను వస్తాను.